రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి లేవడానికి వీఆర్ హెడ్‌సెట్ పనికొస్తుందా?

అమ్మగారికి ఆపరేషన్ అయి నాలుగు నెలలైందనీ, చెయ్యి భుజం దాటి లేవట్లేదనీ, అమెరికాలో ఉన్న తమ్ముడు వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకి తగిలించుకుంటే చుట్టూ ఆటల లోకం కనిపించే పెట్టె) పంపిస్తానంటున్నాడనీ రాశారు. నేనూ ఆ దారిన నడిచినదాన్నే కాబట్టి చెప్తున్నాను.

నాకు కుడివైపు. చంకలో లింఫ్ గ్రంథులు కూడా తీశారు. గోడ మీద వేళ్లు పైకి పాకించమని ఫిజియోథెరపిస్టు చెప్తే, వంటింటి గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాను. రెండు వారాలు గీత పైకి జరిగింది, తర్వాత కదల్లేదు. పొద్దున్నే దాని మొహం చూడాలంటేనే విసుగొచ్చేది. చెయ్యకుండానే చేశానని మా ఆయనతో చెప్పేదాన్ని. పై అరలో ఉండే పోపుల డబ్బా కింది అరలోకి దిగింది, దండెం మీద బట్టలు ఆరేయడం ఆయన వంతైంది.

అప్పుడు మా ఫిజియోథెరపీ సెంటర్లో హెడ్‌సెట్ పెట్టి చూద్దామన్నారు. కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా బుడగలు, చేత్తో తగిలిస్తే పగులుతాయి. ఎంత ఎత్తులో రావాలో అక్కడి ఫిజియోథెరపిస్టు అమ్మాయే పెట్టింది. ఆట అయ్యాక ఫోన్లో వీడియో చూపించింది. నా చెయ్యి మా ఇంట్లో గీత దాటి పైకెళ్లిపోయింది! అందులో నా చెయ్యి నాకు కనిపించదు, ఏదో గ్లౌజు కనిపిస్తుంది. నొప్పి వస్తుందేమోనని నేను ముందే బిగుసుకుపోతున్నానని ఆ రోజే తెలిసింది.

నొప్పి మీదనుంచి ధ్యాస మళ్లించడం కొత్త సంగతేం కాదు. 1990లలోనే సియాటిల్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ ఒళ్లు కాలినవారికి గాయాలు శుభ్రం చేసేటప్పుడు వీఆర్ వాడి చూశారు. తర్వాత ఆ కాలినవారికోసమే వీఆర్‌లో ఒక మంచు లోకం తయారైంది. 2021లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒక వీఆర్ పరికరానికి అనుమతి ఇచ్చింది కానీ, అది దీర్ఘకాలిక నడుం నొప్పికి. మీ తమ్ముడు పంపేది ఆటల పెట్టె, మందు కాదు. మానేసిన వ్యాయామాన్ని నాతో మళ్లీ చేయించింది, నాకు దానివల్ల ఒరిగింది అదే. గోడ, కర్ర, కప్పీ తాడు మానలేదు.

నేను పడ్డ పాట్లు కూడా వినండి. మూడో వారంలో స్కోరు పిచ్చి పట్టింది. ఆడింది చాలక ఇంకోసారి ఆడాను. సాయంత్రానికి చెయ్యి బరువెక్కి గాజు బిగిసింది. టేపు పెట్టి కొలిచి, లింఫిడీమా (చేతిలో నీరు చేరి వాచడం) మొదలవుతోందని వారం ఆపించారు, చేతికి బిగుతుగా పట్టి ఉంచే స్లీవ్ వేయించారు. ఇంకోరోజు పడవ సీను పెట్టుకున్నాను. కళ్లు కదులుతున్నామంటాయి, చెవి లోపలి బ్యాలెన్స్ లేదంటుంది. తల తిరిగి వాంతి అయింది. అసలే కీమో వాంతులు చూసిన మనిషిని, ఇది కూడానా! మనం కూర్చున్నచోటే ఉండి, వస్తువులే మన దగ్గరికొచ్చే ఆటలైతే నాకు ఇబ్బంది కాలేదు.

అమ్మగారికి కీమోలో పాక్లిటాక్సెల్ అనే మందు ఇచ్చి ఉంటే పాదాలు మొద్దుబారాయేమో అడగండి. నాకైతే కాలికి చెప్పు ఉందో ఊడిందో తెలిసేది కాదు. అలాంటప్పుడు కళ్లు మూసే పెట్టె తగిలించుకుని నిలబడితే పడిపోవడం ఖాయం. చేతుల్లేని గట్టి కుర్చీలో కూర్చునే ఆడించండి. హెడ్‌సెట్ అర కిలో ఉంటుంది, కొత్తగా జుట్టు మొలుస్తున్న తలకి పట్టీ గుచ్చుకుంటుంది, లోపల మెత్తటి నూలు టోపీ పెట్టండి. సెంటర్లో అందరూ వాడేదైతే మొహానికి ఆనే స్పాంజి తుడిచాకే పెట్టుకోవాలి, ముఖ్యంగా కీమో ఇంకా నడుస్తుంటే.

తెప్పించే ముందు సర్జన్‌నీ ఫిజియోనీ అడిగి, చెయ్యి ఎంతవరకు లేపొచ్చో చెప్పించుకోండి. వీలైతే ఏదైనా సెంటర్లో రెండు మూడుసార్లు ఆడించి చూడండి, ఆవిడకి నచ్చకపోతే తమ్ముడి డబ్బు మిగులుతుంది. ఇంట్లో మొదలుపెడితే ఆవిడ చూసేది మీ ఫోన్లోనూ కనిపించేలా పెట్టుకుని పక్కనే కూర్చోండి. "ఇప్పుడు ఏది నొక్కాలే?" అని పదిసార్లు అడుగుతారు, నేనూ మా అమ్మాయిని అలాగే చంపాను.