యాసిడ్ సీసా మూత తీయకముందే చదువు

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. హైదరాబాదులో నువ్వు కొత్తగా చేరిన ఫ్లాటులో స్నానాలగది తూము మూసుకుపోయిందనీ, షవరు కింద నిలబడితే చీలమండల దాకా నీళ్ళు వస్తున్నాయనీ, ఇంటి యజమాని రేపు మాపు అంటున్నాడనీ, ఆదివారం నువ్వే బాగుచేసుకుంటానన్నావనీ చెప్పింది. వినగానే పొంగిపోయాను. మా రోజుల్లో బల్బు మాడిపోతే మగవాళ్ళు ఆఫీసు నుంచి వచ్చేదాకా చీకట్లో కూర్చునేవాళ్ళం. ఆ పొంగు తగ్గకముందే మీ అమ్మ, "కిరాణా కొట్టులో యాసిడ్ కూడా కొనిపెట్టుకుందిలే" అంది. అంతే, నాకు నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి దీపం వేసుకుని కూర్చుంటే మీ పెదనాన్న లేచి, "ఫోనులో చెప్పవచ్చు కదా" అన్నారు. ఫోనులో చెబితే నువ్వు ఇంకో పని చేసుకుంటూ "సరే పెద్దమ్మా, సరే" అంటావు. నాకు తెలియదా!

ముందు తేలిక సంగతులు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకో. నేల మీది జాలీ విప్పి, దాని స్క్రూలు ఒక గ్లాసులో వెయ్యి, లేకపోతే అవీ తూములోకే పోతాయి. జాలీ కింద బోర్లించిన గిన్నెలాంటి కప్పు ఒకటి ఉంటుంది. ఆ అమరికనంతా కలిపి ప్లంబర్లు నహానీ ట్రాప్ అంటారు. అందులో రెండంగుళాల లోతున నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి. మురుగు గొట్టంలోని వాసనను, బొద్దింకలను అడ్డుకునేది ఆ కాస్త నీరే. నీళ్ళు త్వరగా పోతాయని కప్పు తీసి అటక మీద పడేసే తెలివైనవాళ్ళున్నారు. నువ్వు శుభ్రం చేసి మళ్ళీ అక్కడే పెట్టు. పండక్కి ఊరొచ్చి వెళ్ళేసరికి గదంతా కంపు కొడితే ఆ నీరు ఆరిపోయిందని అర్థం. రెండు చెంబుల నీళ్ళు పోస్తే సరిపోతుంది.

లోపల అడ్డుపడింది నీ జుట్టే, నొచ్చుకోకు. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. ఒక్కటైతే కొట్టుకుపోతుంది, పది కలిస్తే వల అవుతుంది. ఆ వలకు కొబ్బరినూనె పట్టుకుంటుంది. మీకు వచ్చేది బోరు నీళ్ళన్నావు కదా, ఆ నీళ్ళలోని కాల్షియంతో కలిసి సబ్బు తెల్లటి తెట్టులా మారి గొట్టం గోడలకు అతుక్కుంటుంది. దాని మీద మన ఇంటి సున్నిపిండి. పంపింది నేనే, ఒప్పుకుంటున్నాను. నూనె ఒంటికి నలుగు పెట్టుకుని కడిగేసుకుంటే ఆ పిండి తూములో ఉబ్బి, ఉండకట్టి కూర్చుంటుంది. కుంకుడుకాయ రసం వడకట్టకుండా పోసుకుంటే ఆ తొక్కలు ఇంకో వంతు.

దాన్ని కరిగించాలని చూడకు, బయటికి లాగు. హార్డ్‌వేర్ కొట్టులో పక్కలకు ముళ్ళున్న పొడవాటి ప్లాస్టిక్ పట్టీ దొరుకుతుంది. లేదంటే బట్టలు తగిలించే తీగ హ్యాంగరు సాగదీసి కొన వంచుకో. నెమ్మదిగా దించి, మెలితిప్పి, పైకి లాగు. తడిసిన ఎలుకలా ఒక ముద్ద వస్తుంది. డోకు వస్తుంది, రానీ. ముద్దను చెత్తబుట్టలో వెయ్యి, కమోడులో కాదు. పాత బ్రష్షుతో లోపలి గోడలు రుద్ది, గీజరు వేణ్ణీళ్ళు రెండు బకెట్లు పొయ్యి. మరిగే నీళ్ళు వద్దు, ఇప్పటి పీవీసీ గొట్టాలు ఆ వేడికి మెత్తబడతాయి. వంటసోడా, వెనిగరు పోసి పొంగించడం వీడియోలో చూడడానికి బాగుంటుంది. రెండూ కలిస్తే ఒకదాని పదును ఒకటి పోగొట్టుకుంటాయి, వెంట్రుక మాత్రం కదలదు. అప్పటికీ నీళ్ళు నిలిస్తే రబ్బరు ప్లంజరుతో ఇరవై సార్లు గట్టిగా నొక్కు. వాష్ బేసిన్ గొట్టం కూడా అదే ట్రాపులోకి వస్తుంటే, ముందు బేసిన్ కన్నంలో తడిబట్ట కుక్కు. లేకపోతే నీ బలమంతా అటు పోయి మురికి మొహాన చిమ్ముతుంది.

ఇక యాసిడ్.

1991 సంక్రాంతికి మేము విజయవాడ సత్యనారాయణపురంలో అద్దెకుండేవాళ్ళం. రేపు భోగి అనగా తూము మూసుకుపోయింది. తెల్లవారితే తొమ్మిదిమందికి తలంట్లు. మా అత్తగారు నా జడ వంక చూసి, "ఇంత జుట్టు రాల్చుకుంటే తూము ఏం చేస్తుంది పాపం" అన్నారు. అప్పట్లో నా జడ నడుము దాటి ఉండేది, నీ జడలాగే. ఆవిడ మీద కోపంతోనే మధ్యాహ్నం రెండు గుప్పెళ్ళు బ్లీచింగ్ పౌడరు తూములో పోశాను. ఏమీ కాలేదు. సాయంత్రం యాసిడ్ తెప్పించి, వాసన వంటింట్లో అరిసెలకు పట్టకూడదని తలుపేసి, గడియ కూడా పెట్టి, తూము పక్కనే గొంతుకూర్చుని సగం సీసా ఒంపాను.

బుస్సుమని పొంగింది. ఆకుపచ్చ కలిసిన పసుపు పొగ. కళ్ళు మండి, గొంతులో కత్తి దిగినట్టయింది. దగ్గుదామంటే ఊపిరి లేదు. గడియ మీదికి చెయ్యి పోనివ్వడం వరకే గుర్తుంది. తలుపు తెరుచుకోగానే మా అత్తగారు ఆ జడే పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకెళ్ళారు. ఆ రాత్రి ఆస్పత్రి నుంచి వచ్చాక మీ పెదనాన్న, కెమిస్ట్రీ మాస్టారు కదా, కాగితం మీద వేసి చూపించారు: యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు. 1915లో యుద్ధంలో సైనికుల మీదికి వదిలింది అదేనట. గాలికన్నా బరువైనది కాబట్టి కింద కూర్చున్నవాళ్ళకే ముందు తగులుతుందట. భార్య పోయినంత పనైనా సమీకరణం మాత్రం తప్పు పోకుండా రాశారు.

ఇంతవరకూ మీ అమ్మకు తెలుసు. నవ్వుకుంటూ నీకూ చెప్పే ఉంటుంది. తర్వాతిది చెప్పి ఉండదు, ఎందుకంటే నేనే ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు భోగి పూటా బతిమాలితే తూములు బాగుచేసే మనిషి వచ్చాడు. చెయ్యి పెట్టబోతూ ఆగి, "ఏమైనా పోశారా అమ్మా?" అని అడిగాడు. మా అత్తగారు నా వైపు చూశారు. అవునంటే నా తెలివితక్కువతనం వీధంతా తెలుస్తుందని, "ఏమీ లేదు" అన్నాను. ఉత్త చెయ్యి మోచేతి దాకా పెట్టాడు. కాసేపటికే వెనక్కి లాక్కున్నాడు. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లబడి ఊడుతోంది. మా అత్తగారు మాట్లాడకుండా అతన్ని పంపు కింద కూర్చోబెట్టి, పావుగంట పైనే ఆ చేతి మీద నీళ్ళు వదిలారు. నన్ను ఒక్క మాట అనలేదు. డాక్టరుకు చూపించాం, డబ్బిచ్చాం, చెయ్యి మానింది. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ గుమ్మం దగ్గర ఆగి, కోపమేమీ లేకుండా, అదే మాట అడిగేవాడు.

కాబట్టి, బంగారు తల్లీ, ఆ సీసా మూత తీయకు. కొట్టతను తీసుకుంటే తిరిగి ఇచ్చెయ్యి. నీకంటే ముందున్నవాళ్ళు ఏం పోశారో కూడా నీకు తెలియదు, యజమానిని కనుక్కో. గుళికల్లా దొరికే తూము పొడి కూడా వద్దు. అది కాస్టిక్ సోడా, నీళ్ళు తగిలితే సలసల కాగుతుంది. అడ్డం వీడకపోతే తూములోనే ఉండిపోయి, తర్వాత తీగ పెట్టినవాళ్ళ కళ్ళలోకి చిమ్ముతుంది. నీ వల్ల కాకపోతే ప్లంబరును పిలువు. అతను అడిగేదాకా ఆగకుండా నువ్వే మొదట చెప్పు, ఏం పోశావో, ఏం పోయలేదో. ఒక గదిలో నీళ్ళు పోస్తే ఇంకో గదిలో ఉబికితే లోపం బయటి గొట్టంలో ఉంది. ఆ మ్యాన్‌హోల్ మూత ఎత్తి నువ్వు తొంగి చూడకు, ఎవరినీ అందులోకి దిగనివ్వకు. అపార్టుమెంటు వాళ్ళకు చెబితే యంత్రం తెప్పిస్తారు.

తూము కోసం జుట్టు కత్తిరించుకుంటానన్నావట, పిచ్చిపిల్లా! స్నానానికి ముందు గదిలో దువ్వుకుని రాలినది తీసిపారెయ్యి, జాలీ మీద సన్నకన్నాల వల ఒకటి వేసుకో, వారానికోసారి కప్పు ఎత్తి చూసుకో. సున్నిపిండి ఈసారి కాస్తే పంపుతాను. బకెట్టు పక్కన పాత చీర ముక్క పెట్టుకుని, నలుగు దాంతో తుడుచుకున్నాక నీళ్ళు పోసుకో.

ఆదివారం పదింటికి మొదలుపెడతావట. పక్క ఫ్లాటు అమ్మాయిని పిలిచి గదిలో కూర్చోబెట్టుకో. కిటికీ తెరువు, ఫ్యాను వెయ్యి. గడియ పెట్టకు. నేను పదింబావుకు ఫోను చేస్తాను. చేతులు మురికిగా ఉన్నా సరే, ఎత్తు. సీసా ఏం చేశావో మాత్రం ఈ ఉత్తరం అందగానే చెప్పు.

మీ పెద్దమ్మ