బురుజుపేట కొట్టుకు మళ్లీ వెళ్లే ముందు

కంచరపాలెం, విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. నాలుగు పుటల ఉత్తరంలో మూడున్నర పుటలు చేతికి జరిగిన చికిత్స గురించీ పింఛను కాగితాల గురించీ రాసి, బురుజుపేటలో పసుపు కుంకుమల కొట్టు నడుపుకొనే ఆమె సంగతిని ఆఖరి ఆరు వరుసలలో, మరెవరి సంగతో చెబుతున్నట్లు రాశావు. నేను ఆ ఆరు వరుసలకే జవాబు రాస్తున్నాను. ఎదురుగా కూర్చోబెట్టి చెబుదామంటే నీవు తల వంచుకొని "సరే బాబాయ్" అని లేచిపోతావు. కాగితం మీద ఉంటే రెండోసారి చదువుకోవడానికైనా వీలుంటుంది.

ముందు ఆ ఎడమచేతి సంగతి. డబ్బు ఇవ్వబోయినప్పుడల్లా ఆమె ముఖం ముడుచుకుంటున్నదనీ, చేతికి తీసుకోకుండా బల్ల మీద పెట్టమంటున్నదనీ రాశావు. నీవంటే ఇష్టం లేకనే అలా చేస్తున్నదని నీకు నీవే నిర్ణయించుకున్నావు కూడా. ఆమె అమ్ముతున్నవి కనకమహాలక్ష్మి అమ్మవారి పూజకు వెళ్లే పసుపు, కుంకుమ, గాజులు, కర్పూరం. అటువంటి చోట ఎవరైనా ఎడమచేత్తో నోటు చాపితే ఏమనుకుంటారో నీకు తెలియనిది కాదు. నీ కుడిచేయి కాలిందని ఆమెకు తెలియదు. ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా చొక్కా, జేబులో దాచిన చేయి, ముందుకు చాపిన ఎడమచేయి, ఇంతవరకే ఆమెకు కనబడింది. నీ బిడియం ఆమెకు పొగరులా కనబడి ఉంటుంది.

అందువల్ల ఈసారి కుడిచేత్తో ఇవ్వు. రెండు వేళ్లు వంగవని తెలుసు. తొడ మీది నుంచి తీసి అతికిన చర్మం మెరుస్తూ, అంచుల దగ్గర గట్టిపడి ఉన్నదనీ తెలుసు. నోటు జారి కింద పడితే పడనీ, వంగి తీసి మళ్లీ ఇవ్వు. ఏమయిందని ఆమె అడిగితే గోదాము మంటల్లో కాలిందని ఒక్క వాక్యంలో చెప్పు, అడగకపోతే చెప్పవద్దు. అతికిన చర్మానికి చెమట పట్టదు కనుక విశాఖ ఉక్కలో ఆ పొడుగు చేతుల చొక్కా నీకు ఎంత నరకమో నేను ఊహించగలను. ఇంత బాధపడి ఆ చేతిని ఎవరి నుంచి దాస్తున్నావు? ఆ కొట్టు ముందు నుంచి జనం దర్శనానికి వెళ్లే అమ్మవారి మూర్తికే ఎడమ చేయి పూర్తిగా లేదు. గర్భాలయానికి పైకప్పు లేదు, ఎండావానల్లో అలాగే ఉంటుంది. భక్తులు ఎవరి చేత్తో వారే ఆ తల్లికి పసుపు రాసి పూజ చేసుకుంటారు. ఆ వీధిలో పుట్టి పెరిగిన మనిషి నీ చేతిని చూసి వెనక్కి జరుగుతుందని నేను అనుకోను.

బల్ల మీద పెట్టమనడం గురించి మీ పిన్ని మరొక మాట చెప్పింది. ఆమె ఏటా మార్గశిర గురువారాలకు సామాను అక్కడే కొంటుంది. కొట్టు నడిపే ఆమెకు భర్త పోయిన తరువాత, అక్కడికి వచ్చే కొందరు ముత్తయిదువలు ఆమె చేతి నుంచి కుంకుమ పొట్లం అందుకోవడానికి వెనకాడతారట. ఆమె దానిని గమనించి, తానే పొట్లాన్ని బల్ల మీద పెట్టి చేయి వెనక్కి తీసుకుంటుందట, డబ్బు కూడా బల్ల మీదనే పెట్టమంటుందట. అందరితోనూ అంతే. నిన్ను ప్రత్యేకంగా దూరం పెట్టలేదు. ఎవరూ తన చేయి తాకనవసరం లేని విధంగా ఆ బల్లను అడ్డం పెట్టుకొని ఆరేళ్లుగా వ్యాపారం చేస్తున్నది. ఈ మాట విన్న తరువాత నాకు నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పటికంటే బరువుగా అనిపించింది.

ఇక సాయం గురించి. కొట్టుకు రంగులు వేయించాలనీ, వైరింగు మార్చాలనీ, లెక్కలు కంప్యూటరులోకి ఎక్కించాలనీ నీవు వేసుకున్న ప్రణాళికలన్నీ మానుకో. ఆమె మరిది కూడా అన్న పోయిన పదో రోజున సాయం చేస్తాననే వచ్చాడు. లెక్కల పుస్తకం తన చేతిలోకి తీసుకొని, రెండేళ్లలో సరుకు ఇచ్చే షావుకార్ల ముందు ఆమెను అప్పులపాలు చేసి వెళ్లాడు. అప్పటినుంచి సాయం అనే మాట వినబడితే ఆమె లేచి పుస్తకం సొరుగులో పెట్టి తాళం వేస్తుందని పిన్ని చూసింది. నీవు మంచివాడివని నాకు తెలుసు. ఆమెకు తెలియడానికి కాలం పడుతుంది. ఆ కాలాన్ని సాయంతో తగ్గించాలని చూస్తే పెరుగుతుంది.

ఈ తప్పు నేను చేశాను. 1995లో మీ పిన్ని ఇక్కడే చిన్న కుట్టు కొట్టు నడిపేది. మొదటి భర్త వదిలి వెళ్లిన మనిషి, ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడేది కాదు. ఆమె ఊరికి వెళ్లిన మూడు రోజుల్లో, తలుపు గొళ్లెం వదులైపోయిందని నేనే కొత్త గొళ్లెం బిగించి, కొత్త తాళం వేసి, సంతోషంగా డ్యూటీకి వెళ్లాను. మరునాడు ఉదయం ఆమె వచ్చేసరికి తన కొట్టుకే తన దగ్గర తాళంచెవి లేదు. పెళ్లివారి జాకెట్లు లోపల ఉన్నాయి, వాళ్లు బయట కేకలు వేస్తున్నారు. సాయంత్రం నేను ఫైర్ స్టేషన్ నుంచి వచ్చేదాకా వీధి అంతా చూస్తుండగా ఆ మెట్ల మీద కూర్చున్నది. మూసిన గదిలో మంట ఉన్నదని అనుమానం వస్తే తలుపును ముందు చేతి వెనకవైపుతో తాకి వేడి చూడాలనీ, గాలి లేక అణిగిన మంట తలుపు తెరుచుకోగానే ఒక్కసారిగా మనిషి మీదికి వస్తుందనీ నీకు నేర్పిన లీడింగ్ ఫైర్‌మన్‌ను నేనే. ఆనాడు ఆ తలుపు దగ్గర ఆ జాగ్రత్త నాకు గుర్తు రాలేదు. రెండు తాళంచెవులూ ఆమెకు ఇచ్చి తప్పయిందన్నాను. నాలుగు నెలలు ఆమె నా వైపు చూడలేదు. తరువాత ఒకరోజు యూనిఫారం చొక్కాకు గుండీలు కుట్టించుకోవడానికి వెళ్లాను. కుట్టి, కూలి అడిగి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. మా పరిచయం సరిగా మొదలైంది ఆ రోజునే అనుకుంటాను. కాబట్టి నీవు కొన్నదానికి అక్కడికక్కడే డబ్బు ఇవ్వు. అప్పు పెట్టవద్దు, బేరం ఆడవద్దు, చిల్లర వదిలి రావద్దు.

అయితే ఒక విషయంలో మాత్రం నోరు మూసుకొని ఉండటానికి వీల్లేదు. కర్పూరం డబ్బాలు దీపానికి మూరెడు దూరంలో, స్విచ్‌బోర్డు కింద పేర్చి ఉన్నాయని రాశావు. ఆ వాక్యం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కర్పూరం కరగకుండానే ఆవిరవుతుంది, ఆ ఆవిరికి కూడా మంట అంటుకుంటుంది. మూత వదులుగా ఉన్న డబ్బా పక్కన వత్తుల దూది, నువ్వుల నూనె సీసాలు, అగరుబత్తి కట్టలు ఉంటే, ఒక నిప్పురవ్వ చాలునని నీకు నేను చెప్పనక్కరలేదు. మార్గశిరం మొదలైతే గురువారాలలో ఆ వీధిలో కాలు పెట్టడానికి చోటుండదు. ఆ రద్దీలోకి ఫైర్ ఇంజను రావడం ఎంత కష్టమో కూడా నీకు తెలుసు. కనుక మీ ఇద్దరి సంగతి ఎటు తేలినా, ఇది రేపే చెప్పవలసినది. కొట్టులో జనం పలచగా ఉండే మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య వెళ్లి, ఆమె అత్తగారు కూడా వింటుండగా చెప్పు. కర్పూరాన్ని మూత బిగుతుగా ఉండే రేకు డబ్బాలలోకి మార్చి దీపానికి దూరంగా పెట్టుకోవాలి. కొట్టు కట్టేటప్పుడు దీపం కొండెక్కించి మెయిన్ స్విచ్ ఆపాలి. ఏబీసీ పౌడర్ ఉన్న మంటలార్పే సిలిండరు ఒకటి లోపలి మూలలో కాకుండా ద్వారం దగ్గర తగిలించి, దాని మీటరు ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉన్నదో లేదో నెలకోసారి చూసుకోవాలి. చెప్పి వచ్చెయ్యి. నీవు డబ్బాలు జరపవద్దు, సిలిండరు కొనుక్కొని వెళ్లవద్దు. ఆమె చేసుకుంటుంది. వారం తరువాత కూడా డబ్బాలు అక్కడే ఉంటే మరొకసారి చెప్పు. ప్రాణాల మాట కనుక రెండుసార్లు చెప్పినా తప్పు లేదు.

ఆ అత్తగారిని తక్కువగా చూడకు. మూల పీట మీద కూర్చొని వత్తులు చేస్తూ ఉంటుంది, వచ్చినవాళ్లను కళ్లతోనే లెక్కపెడుతుంది. కన్నకొడుకు కొట్టును ముంచినప్పుడు అతని పక్షం వహించకుండా కోడలి పక్కన నిలబడిన మనిషి ఆమె. మీ మాటలు ఎప్పుడైనా పెళ్లి దాకా వస్తే, ముందు కోడలి మనసు స్పష్టంగా తెలుసుకొని, తరువాత ఆమె అనుమతితో ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లు. అత్తగారి ద్వారా కోడలికి కబురు పంపడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. కొడుకు పోయినా కోడలు తనతోనే ఉన్నదన్నది ఆవిడకు మిగిలిన ధైర్యం. దానిని తీసుకుపోవడానికి వచ్చినవాడిలా కనబడితే ఆవిడ ఒప్పుకోదు, ఒప్పుకోనక్కర కూడా లేదు. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండటానికి నీకు సమ్మతమేనా అని నిన్ను నీవు ఇప్పుడే అడుగు.

ఉద్యోగం గురించి ఆమె అడిగిన రోజున ఉన్నది ఉన్నట్లు చెప్పు. ఉద్యోగంలో ఉండగా అంగవైకల్యం కలిగినవారిని ప్రభుత్వం తొలగించరాదనీ, పాత పని చేయలేకపోతే అదే జీతం మీద వేరే పోస్టుకు మార్చాలనీ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్‌లో ఉన్నది. నిన్ను ఎవరూ పొమ్మనలేదు. కంట్రోల్ రూములో ఫోను పట్టుకొని కూర్చుంటే, గంట మోగినప్పుడు మిగతావాళ్లు బండి ఎక్కి వెళ్లడం చూడలేక నీవే బయటికి వచ్చావు. నేను ఆనాడు వద్దన్నాను, ఈనాటికీ అది తొందరపాటు అనే అంటాను. కానీ ఆ కారణంలో దాచుకోవలసినది ఏమీ లేదు. పింఛను ఎంత, ఇంటి అప్పు ఎంత, రాత్రిళ్లు ఎన్నిసార్లు ఉలిక్కిపడి లేస్తావు, ఇవన్నీ ఆమెకు నీ నోటి నుంచే తెలియాలి. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో 60 మంది దాకా చనిపోయిన అగ్నిప్రమాదం జరిగినప్పుడు నేను అక్కడ పనిచేసి ఇంటికి వచ్చి, నెల రోజులు మీ పిన్నితో సరిగా మాట్లాడలేదు. చూసినది చెప్పి ఆమెను భయపెట్టడం ఎందుకని ఊరుకున్నాను. తనను చేసుకున్నందుకు నేను బాధపడుతున్నానని ఆమె ఆ నెలంతా అనుకున్నదట. పెళ్లయి ఏడాది అయినా గడవని మనిషి అలా అనుకోవడంలో ఆమె తప్పేముంది?

మళ్లీ పెళ్లి చేసుకుంటే కొట్టు పోతుందని మరిది బెదిరిస్తున్నాడని కూడా విన్నాను. 1856లోనే వితంతు పునర్వివాహానికి చట్టం వచ్చింది, 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో అటువంటి పెళ్లి జరిపించారు, అయినా ఇటువంటి బెదిరింపులు ఈనాటికీ ఆగలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త ఆస్తిలో భార్యకు సంక్రమించిన వాటా పూర్తిగా ఆమె సొంతం, ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన అది పోదు. అయితే ఈ మాట ఆమెకు చెప్పవలసింది నీవు కాదు. పెళ్లాడదలచినవాడు ఆస్తి లెక్క విప్పితే ఎంత మంచి మాటైనా అనుమానంగానే వినబడుతుంది. తనకు నచ్చిన న్యాయవాది దగ్గరికి ఆమె తానే వెళ్లి అడిగి తెలుసుకోనీ. నీవు చెప్పవలసిన మాట ఒక్కటే. కొట్టు, లెక్కల పుస్తకం, తాళంచెవి పెళ్లి తరువాత కూడా ఆమెవే.

ఇంత చెప్పినా ఆమె కాదనవచ్చు. కాదంటే కారణం అడగవద్దు, మధ్యవర్తులను పంపవద్దు. ఆ వీధిలో వ్యాపారం చేసుకొని బతికే ఆడమనిషి గురించి నలుగురూ మాట్లాడుకొనే పని నీ వల్ల జరగకూడదు. అప్పుడు నీవు మా ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఉండు.

రేపు వెళ్లేటప్పుడు మీ పిన్ని చెప్పిన పని కూడా చూసుకురా. ఆమెకు మార్గశిర పూజకు పావుకిలో కుంకుమ కావాలి. కంచరపాలెంలో ఒక ముత్తయిదువ అడిగి పంపించిందనీ, ఆమె చేత్తోనే తూచి పొట్లం కట్టి ఇమ్మన్నదనీ చెప్పు. ఆమె పొట్లాన్ని బల్ల మీద పెట్టబోతే, నీ కుడిచేయి చాపి అందుకో.

ఆశీస్సులతో,
నీ బాబాయి