అపార్ట్‌మెంట్ బాత్‌రూమ్‌లో కమోడ్ వైపు నీళ్లు చిందకుండా షవర్ కర్టెన్ ఎలా వేలాడదీయాలి?

మన బాత్‌రూమ్‌లలో సాధారణంగా టబ్ ఉండదు కనుక కర్టెన్ దాదాపు నేలవరకు దిగాలి. అందుచేత ముందు కర్టెన్ పొడవు చూసుకొని, దానిని బట్టి రాడ్ ఎత్తును నిర్ణయించుకోవడమే సరైన క్రమం. 200 సెంటీమీటర్ల కర్టెన్‌కు రింగుల కోసం 4, నేలకు పైన ఖాళీగా 3 సెంటీమీటర్లు కలిపితే రాడ్ 207 సెంటీమీటర్ల ఎత్తున రావాలి. నేల వాలుగా ఉంటుంది కాబట్టి, ఈ కొలతను కర్టెన్ దిగే గీతలో నేల అన్నిటికంటే ఎత్తుగా ఉన్నచోట తీసుకోవాలి. అంచు నేలను తాకితే నీటిలో నాని బూజు పడుతుంది.

అద్దె ఇంట్లో, ఎదురెదురు గోడల మధ్య దూరం తక్కువైతే, గోడకు రంధ్రం అక్కరలేని స్ప్రింగ్ రాడ్ చాలు. దాని రబ్బరు కొసలు తడి టైల్ మీద జారుతాయి కనుక టైల్‌ను శుభ్రంగా తుడిచి ఆరనివ్వాలి. దూరం ఎక్కువైతే స్క్రూలతో బిగించే రాడ్ మేలు. అప్పుడు రంధ్రం రావలసిన గుర్తు మీద మాస్కింగ్ టేపు అంటించి, టైల్ బిట్‌తో (టైల్‌ను తొలిచే డ్రిల్లు మొనతో) నెమ్మదిగా రంధ్రం వేయాలి. టైల్ పూర్తిగా దాటేవరకు డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో, అంటే సుత్తిలా కొడుతూ తిరిగే పద్ధతిలో, పెట్టకూడదు, పెడితే టైల్ పగులుతుంది. కుళాయిలకు, షవర్‌కు నిట్టనిలువు గీతలో గోడలోపల పైపులుంటాయి కాబట్టి అక్కడ రంధ్రం వేయనే వద్దు.

కర్టెన్ చిందే నీటిని ఆపుతుంది గాని నేలమీద పారే నీటిని ఆపదు. నీరు పోయే జాలీ షవర్ వైపు లేకపోతే, కర్టెన్‌కు కాస్త వెలుపలగా సన్నని గ్రానైట్ పట్టీ గట్టులా వేయించక తప్పదు.