క్యాష్‌బ్యాక్ చూసి లోను మార్చేముందు

అమ్మాయీ,

ఇంటి లోను వేరే బ్యాంకుకి మార్చుకుందామంటే ఒకరు 2 శాతం క్యాష్‌బ్యాక్ ఇస్తామంటున్నారని, ఇంకొకరు అదేమీ లేకుండా వడ్డీ అర శాతం తగ్గిస్తామంటున్నారని రాశావు. అల్లుడుగారి మనసు క్యాష్‌బ్యాక్ మీదే ఉన్నట్టుంది. ఆయన్ని తప్పుపట్టను. నేనూ ఒకప్పుడు ఆ డబ్బుకి ఆశపడి, రాగానే సోఫా కొన్నవాణ్ణే. రెండేళ్ళు తిరక్కుండానే ఇల్లు అమ్మాల్సొచ్చింది. గడువులోపు లోను మూసేస్తే క్యాష్‌బ్యాక్ తిరిగి కట్టాలన్న షరతు అప్పుడు చదివాను. దాని కింద సంతకం నాదే. చేతిలో సోఫా మిగిలింది.

లెక్క చూడు. బాకీ 100 అనుకో. క్యాష్‌బ్యాక్ 2 వస్తుంది. అర శాతం ఎక్కువ వడ్డీ కాబట్టి మొదటి ఏడాదే దాదాపు అర పోతుంది. అసలు తగ్గేకొద్దీ ఈ తేడా కూడా కొంచెం తగ్గుతుందిలే. అయినా నాలుగున్నరేళ్ళు గడిచేసరికి వచ్చిన 2 హరించుకుపోతుంది. అక్కణ్ణుంచి నష్టమే. ఈలోపే మళ్ళీ లోను మార్చేసే ఓపిక మీకుండి, షరతు గడువు కూడా అప్పటికి తీరితే క్యాష్‌బ్యాకే మేలు. మీ ఇద్దరికీ ఆ ఓపిక ఉందని నాకైతే నమ్మకం లేదు.

ఈఎమ్ఐ తగ్గిందని మురిసిపోకు. మీకు 17 ఏళ్ళు మిగిలుంటే, కొత్తవాళ్ళు 25 ఏళ్ళకి సాగదీసి నెలవారీ తక్కువ చూపించొచ్చు. ఇద్దర్నీ 17 ఏళ్ళకే లెక్క కట్టమను. "ఐదేళ్ళయ్యాక నేను మొత్తం కట్టింది ఎంత, ఇంకా బాకీ ఎంత?" అని ఒకే ప్రశ్న వెయ్యి. రెండూ కలిపి, అందులోంచి క్యాష్‌బ్యాక్ తీసెయ్యి. ఎవరిది తక్కువొస్తే వాళ్ళది చవక. కొన్నేళ్ళపాటు మారని ఫిక్స్‌డ్ రేటయితే, ఆ గడువు దాటాక ఏ రేటు పడుతుందో కూడా కాగితం మీద రాయించుకో.

లాయరు ఫీజు, ఇంటి విలువ కట్టించే (వాల్యుయేషన్) ఖర్చు లాంటివి ఉంటాయి. పాత లోను ముందే మూసినందుకు ఛార్జీ కూడా ఉండొచ్చు. ఒక్కోసారి క్యాష్‌బ్యాక్ వీటికే సరిపోతుంది.

ఇంకోమాట. ఇప్పుడున్న బ్యాంకుకే ఫోన్ చేసి, వెళ్ళిపోతున్నామని చెప్పి రేటు తగ్గిస్తారేమో అడుగు. మొహమాటపడకు. ఈ పని అల్లుడుగారికి అప్పజెప్పకు, ఆయన రెండో మాటకే సరేనంటారు. ఫోన్ చేసేముందు మీ పాత లోను కాగితాల్లో ముందస్తు చెల్లింపు ఛార్జీ ఉన్న పేజీ ఫోటో తీసి నాకు పంపు.

మీ మావయ్య