బాబు వైద్యం సాగుతుండగా టూర్ కోసం అప్పా?

ప్రశ్న: మేం నిజాంపేటలో అద్దెకుంటున్నాం. ఏడేళ్ల మా బాబుకి పోయినేడాది బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అన్నారు. పెద్ద కీమోలన్నీ అయ్యాయి, ఈ నెల నుంచి మెయింటెనెన్స్, అంటే జబ్బు తిరగబెట్టకుండా దీర్ఘకాలం ఇచ్చే మందుల దశ మొదలైంది. ఏడాదిగా ఆసుపత్రి, ఇల్లు తప్ప మరో చోటు చూడలేదు. దగ్గరివాళ్ల పెళ్లిళ్లకు కూడా వెళ్లలేదు. పదకొండేళ్ల మా పాప ముభావంగా ఉంటోంది. వేసవి సెలవుల్లో నలుగురం సింగపూర్ వెళ్లొద్దామని ఉంది. నా జీతం చేతికి 78 వేలు. బాబు కోసం మా ఆవిడ టీచర్ ఉద్యోగం మానేసింది. ఆఫీసువాళ్లు ఇచ్చిన 5 లక్షల ఆరోగ్య బీమా ఉంది. ఎఫ్‌డీ 1.4 లక్షలు ఉంది. 2 లక్షల చిట్టీలో ఇంకా 8 వాయిదాలు కట్టాలి, నెలకు 10 వేలు. మొదట్లో కంగారులో తెలిసినవాళ్ల దగ్గర 80 వేలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. నగలు కొన్ని ఉన్నాయి, ముట్టుకోలేదు. అన్నీ పోను నెలకు ఏడున్నర వేలు మిగులుతున్నాయి. 3 లక్షల పర్సనల్ లోన్ మంజూరైనట్టు బ్యాంకు యాప్ చూపిస్తోంది. 16 శాతం వడ్డీ, మూడేళ్లు. ఆ లోన్ తీసుకుని, ఎఫ్‌డీ కూడా కలిపి వెళ్లొచ్చా?

జవాబు: ఇప్పుడు సింగపూర్ వద్దు. అప్పు అసలే వద్దు. అలాగని ఇంట్లోనే కూర్చోమనడం లేదు, ఆ సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఆ లోన్ లెక్క చూడండి. 3 లక్షలకు 16 శాతం చొప్పున మూడేళ్లకు ఈఎంఐ దాదాపు 10,550. మీకు మిగిలేది ఏడున్నర వేలు. అంటే మొదటి నెల నుంచే మూడు వేలు ఎక్కడో చేబదులు తేవాలి. మూడేళ్లలో వడ్డీ కిందే సుమారు 80 వేలు పోతాయి. టూర్ వారం రోజుల్లో అయిపోతుంది, వాయిదాలు మాత్రం బాబు నాలుగో తరగతికి వెళ్లాక కూడా నడుస్తుంటాయి. యాప్‌లో 'మంజూరైంది' అని కనిపిస్తే అది మీకేదో మేలు చేసినట్టు కాదు. దాన్ని చూసి ప్లాన్ వేసుకోకండి.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం లోన్ కాదు, ఎఫ్‌డీ. పెద్ద జబ్బు వచ్చిన ఇళ్లలో నేను తరచూ చూసే పొరపాటు ఇది. 'ఎమర్జెన్సీ వచ్చేసింది, దాదాపు గట్టెక్కాం, ఇక ఆ డబ్బు ఎందుకు దాచడం' అనుకుంటారు. ఈ రకం లుకేమియాకు వైద్యం రెండు నుంచి మూడేళ్లు నడుస్తుంది. మాత్రలు, వారానికో మందు, మధ్యమధ్యలో నడుములో ఇచ్చే ఇంజెక్షన్, పరీక్షలు, క్యాబ్ ఖర్చులు, ఇవన్నీ తెలిసిన ఖర్చులే. వీటిని నెల బడ్జెట్లో రాసుకోవాలి. ఎమర్జెన్సీ వేరు. అది రాత్రి ఒంటిగంటకు థర్మామీటర్‌లో కనిపించే అంకె. మెయింటెనెన్స్‌లో కూడా మందుల వల్ల కౌంట్స్, అంటే రక్తకణాల సంఖ్య పడిపోతుంటుంది. జ్వరం 100.4కి చేరితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకూడదని, నేరుగా ఆసుపత్రికే రమ్మని మీ డాక్టరు ఈపాటికి చెప్పే ఉంటారు. ఆ రాత్రి కౌంట్స్ తక్కువగా ఉంటే అడ్మిషన్, నరంలోంచి యాంటీబయాటిక్స్, కొన్ని రోజులు అక్కడే.

బీమా ఉంది కదా అంటారు. క్యాష్‌లెస్, అంటే బిల్లు నేరుగా బీమా కంపెనీయే కట్టే అభ్యర్థనకు ఆ కంపెనీ గంటలో జవాబివ్వాలని 2024లోనే నిబంధన వచ్చింది, నిజమే. కానీ ఆ గంటలోపు కౌంటర్‌లో అడ్వాన్సు అడిగితే ఏం చేస్తారు? గ్లవ్స్, మాస్కుల్లాంటివి బిల్లులోంచి కొట్టేస్తారు. రూమ్ అద్దె పరిమితి దాటితే మిగతా బిల్లులో కూడా అదే నిష్పత్తిలో కోత పడొచ్చు. 5 లక్షల్లో ఈ ఏడాది ఎంత వాడేశారో మీరు రాయలేదు, ముందు అది చూసుకోండి. మా నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చిన రాత్రి నేను రెండు ఏటీఎంలు తిరిగి, మూడోదాని ముందు మా బావమరిదికి ఫోన్ చేశాను. అప్పటికే నేను పదేళ్లుగా అందరికీ ఎమర్జెన్సీ ఫండ్ గురించి చెబుతున్నవాణ్ణి. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఇక సింగపూర్‌లో అదే జ్వరం వస్తే? ప్రయాణ బీమాలు మామూలుగా ముందే ఉన్న జబ్బుకు వర్తించవు. అక్కడి బిల్లు మీ జేబులోంచే కట్టాలి. ఆ జేబు మీరు టికెట్లకే ఖాళీ చేసి ఉంటారు.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 80 వేలకు నెలకు 2,400 కడుతూ, బీరువాలో నగలు పెట్టుకున్నారు. మన ఇళ్లలో ఇది మామూలే. తాకట్టు అంటే నలుగురిలో నామోషీ, చేబదులంటే గుట్టుగా జరిగిపోతుంది. ఈ వారమే బ్యాంకులో ఒకటి రెండు నగల మీద 80 వేలు తీసుకుని ఆ అప్పు తీర్చేయండి. పది శాతం వడ్డీ వేసుకున్నా నెలకు 670 రూపాయలే. అంటే మీకు మిగిలేది తొమ్మిది వేలు దాటుతుంది. అందులో ఆరు వేలు ఎమర్జెన్సీ ఖాతాకు, మూడు వేలు సరదాలకు. ఎఫ్‌డీ కదిలించొద్దు. చిట్టీని కూడా ఇప్పుడు తొందరపడి ఎక్కువ తోపుకి, అంటే వచ్చే మొత్తంలో ఎక్కువ వదులుకుని పాడుకోకండి. రిజిస్టరైన చిట్టీయే అయితే చివరిదాకా ఉంచండి. ఐదు శాతం కమీషన్ పోయినా 1.9 లక్షలు వస్తాయి. అప్పటికి ఎఫ్‌డీ, చిట్టీ, నెలనెలా దాచింది కలిపి 3.78 లక్షలు. మీ జీతంలోంచి చిట్టీ, వడ్డీ, మిగులు తీసేస్తే ఇంటి ఖర్చు 58 వేలు కాబట్టి అది ఆరున్నర నెలలకు సరిపోతుంది. ఒక్క జీతం మీద నడిచే మీ ఇంటికి నేను తొమ్మిది నెలలు అడుగుతాను గానీ, ముందు ఇక్కడిదాకా రండి. చిట్టీ అయ్యాక ఆ పది వేలు బంగారం అప్పుకి మళ్లిస్తే మరో ఎనిమిది నెలల్లో నగలు ఇంటికొస్తాయి. మధ్యలో ఒకసారి వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకోవాల్సి రావచ్చు.

మిగతావి క్లుప్తంగా. మీ పేరు మీద కోటి రూపాయల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) లేకపోతే తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా లేదు. ఉద్యోగం మారే ఆలోచన వస్తే, కొత్త ఆఫీసు బీమా బాబు జబ్బుకి మొదటి రోజు నుంచే వర్తిస్తుందని రాతపూర్వకంగా వచ్చాకే రాజీనామా ఇవ్వండి. వైద్యానికి పీఎఫ్ అడ్వాన్సు ఉంది, దాన్ని ఆఖరి మెట్టుగా ఉంచుకోండి. పాత పన్ను విధానంలో ఉంటే క్యాన్సర్ వైద్యానికి 40 వేల దాకా మినహాయింపు దొరుకుతుంది.

ఇక సరదాల సంగతి. నెలకు మూడు వేలంటే తక్కువ అనుకోకండి. మీ డాక్టరును అడిగి, కౌంట్స్ బాగున్న వారంలో ప్లాన్ చేయండి. మూసిన గదులు, జనం కిక్కిరిసే చోట్లు వద్దు. అంటే ఆదివారం మాల్స్, మ్యాట్నీలు పక్కన పెట్టండి. మందులు ఎక్కించడానికి చేతి నరంలో పెట్టే గొట్టం, పిక్ లైన్, ఇంకా తీయకపోతే నీళ్ల పార్కుల ఊసే వద్దు. నెక్లెస్ రోడ్డు పొద్దున ఏడింటికి బాగుంటుంది. బహదూర్‌పురా జూ 380 ఎకరాలు, కావలసినంత గాలీ వెలుతురూ. బాబు కాసేపటికి అలిసిపోతే బ్యాటరీ బండి ఎక్కించొచ్చు. బయట కోసిన పండ్లు, చాట్ కాకుండా ఇంట్లో కలిపిన పులిహోర డబ్బా పట్టుకెళ్లండి. 3 నుంచి 18 ఏళ్లలోపు తీవ్రమైన జబ్బుతో ఉన్న పిల్లల కోరిక తీర్చే మేక్ ఏ విష్ ఫౌండేషన్ గురించి కూడా మీ ఆసుపత్రిలో కనుక్కోండి.

పాప విషయం నన్ను ఎక్కువగా తొలిచింది. ఏడాదిగా ఇంట్లో ప్రతి రూపాయీ, ప్రతి సెలవూ తమ్ముడి చుట్టూనే తిరిగాయి. నలుగురూ కలిసి విమానం ఎక్కినా అక్కడ కూడా అందరి చూపూ వాడి నుదుటి మీదే ఉంటుంది. ఆ మూడు వేలలో వెయ్యి ఆమె పేరున విడిగా పెట్టండి. వాళ్లమ్మ బాబు దగ్గర ఉన్న రోజున మీరొక్కరే ఆమెను బయటికి తీసుకెళ్లండి. బిర్లా ప్లానిటోరియమో, గంట కొట్టే గడియారం కోసం సాలార్‌జంగ్ మ్యూజియమో, ఎక్కడికో ఆమెనే అడగండి. ఆ పూట మీ ఫోన్‌లో ఆసుపత్రి గ్రూపు చూడకండి.

మ్యూజియానికి శుక్రవారం, జూకి సోమవారం సెలవు. వచ్చే మంగళవారం ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి జూతో మొదలుపెట్టండి.