మొదటిసారి సెస్నా 152 ఎక్కబోతున్నాను, దానితో పరిచయం ఎలా పెంచుకోవాలి?

అడిగిన తమ్ముడిది రాజురా. స్టూడెంట్ పైలట్ లైసెన్స్ చేతికొచ్చింది, వచ్చే నెల చంద్రపూర్ దగ్గరి మోర్వా ఎయిర్‌స్ట్రిప్‌లో సెస్నా 152 అనే రెండు సీట్ల చిన్న విమానం మీద ట్రైనింగ్ మొదలు. "మాన్యువల్‌లో నంబర్లన్నీ బట్టీ పట్టాను అన్నా. అయినా విమానం పక్కన నిలబడితే ఏమీ తెలియనట్టే ఉంది. మొదటి ఫ్లైట్‌కు ముందే దానితో ఎలా పరిచయం చేసుకోవాలి? సోలో, అంటే ఒంటరిగా ఎగిరే మొదటి ఫ్లైట్, ఎన్ని గంటల ట్రైనింగ్ తర్వాత ఇస్తారు?" అని ప్రశ్న.

మాది వార్ధా నదికి ఇవతల, బల్లార్షా. నాన్న బొగ్గు గనిలో చేసేవారు. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ. నేనూ ఈ విదర్భ ఎండల్లోనే, ఇదే సెస్నా 152 మీద నేర్చుకున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

బట్టీ పట్టడం తప్పేం కాదు. 50 నాట్ల దగ్గర ముక్కు లేపడం, 67తో పైకి ఎక్కడం, ఇంజిన్ ఆగిపోతే 60తో జారుకుంటూ దిగడం, 85 దాటి ఉంటే ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) జోలికి పోకపోవడం, ఇవన్నీ అర్ధరాత్రి లేపి అడిగినా రావాలి. కానీ ఆ పుస్తకం 152 అనే రకం మొత్తానికి రాసింది. నీకు ఇచ్చేది ఒకే ఒక్క విమానం. ఈ రకం 1977 నుంచి 1985 వరకే తయారైంది. అంటే అన్నిటికంటే కొత్తదానికీ నలభై ఏళ్ళు. నీకంటే చాలా పెద్దది, నీలాంటి కుర్రాళ్ళను ఎంతమందినో మోసింది, ఎన్నో మొరటు ల్యాండింగులు తిన్నది. ఇన్నేళ్ళకు దానికంటూ కొన్ని అలవాట్లు పట్టాయి. నీకు కావాల్సిన పరిచయం వాటితో. అది నేల మీద, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే సగం అయిపోతుంది.

నేను చేసింది ఇది. సాయంత్రం ఫ్లయింగ్ అయిపోయాక, ఇంజనీర్‌ను అడిగి, తాళం చెవి బయటే ఉంచి, మాస్టర్ స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకుని, ఎడమ సీట్లో అరగంట ఊరికే కూర్చునేవాడిని. ప్రొపెల్లర్ దగ్గరికి మాత్రం పోకు, చెవి తీసేసినా సరే. మాగ్నెటో (స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చేది) వైరు ఎక్కడైనా తెగి ఉంటే చేత్తో తిప్పినా ఇంజిన్ అందుకోవచ్చు.

కూర్చున్నాక కళ్ళు మూసుకుని చేయి చాపు. ఎడమ నుంచి కుడికి కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కు వేడి గాలి పంపేది), థ్రాటిల్, మిక్స్చర్ (ఇంధనం, గాలి పాళ్ళు మార్చేది), ఆ తర్వాత ఫ్లాప్స్ మీట. కింద రెండు సీట్ల మధ్య ఫ్యూయల్ వాల్వు. దీనికంటే పెద్దదైన సెస్నా 172లో లాగా ఎడమ, కుడి, రెండూ అని ఇందులో ఉండవు, ఆన్, ఆఫ్ అంతే. మొదటి రోజు నా చేయి మూడుసార్లు కార్బ్ హీట్ బదులు మిక్స్చర్ మీదికి పోయింది. మిక్స్చర్ లాగితే ఇంజిన్ ఆగుతుంది. గాల్లో జరగాల్సిన తప్పు హ్యాంగర్ ముందే జరిగిపోయింది, మంచిదే. వారం తిరిగేసరికి పక్కనున్న రూమ్మేట్ పేరు చెప్పడం ఆలస్యం, చేయి అక్కడికే పోయేది. మా ఇంట్లో అమ్మ చీకట్లో కూడా పోపుల పెట్టెలో ఆవాలు, జీలకర్ర తడుముకోకుండా తీస్తుంది చూడు, అలాగ.

ఇంకొకటి అప్పుడే తెలిసింది. నేను పొట్టి. సీటు ముందుకు జరిపినా ముక్కు మీదుగా కనిపించేది ఆకాశమే. ల్యాండింగ్ అంతా కంటి కొలత తమ్ముడూ. నేల మీద నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ కౌలింగ్ (ముందున్న ఇంజిన్ మూత) మీదుగా దూరాన ఉన్న గీత ఎంత ఎత్తులో కనిపిస్తుందో, చక్రాలు నేలను తాకే క్షణంలో కూడా దాదాపు అంతే కనిపించాలి. ఒక రోజు క్లబ్బు దిండు, ఒక రోజు మడత పెట్టిన జాకెట్ వేసుకుంటే ఆ కొలత రోజుకోలా మారిపోతుంది. నేను ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ పాత చీరలు మడిచి చిన్న బొంత కుట్టి రైల్లో పంపింది. నాలుగు వేళ్ళ మందం. మా ఇన్‌స్ట్రక్టర్ సార్ నవ్వారు గానీ, ఆ వారం నుంచే నా ల్యాండింగులు ఒక దారికొచ్చాయి. నీకు అవసరమైతే ఒకే దిండు పెట్టుకో, దాన్ని మార్చకు.

సీటు సంగతిలో జాగ్రత్త. అది పట్టాల మీద జరుగుతుంది, పిన్ను రంధ్రంలో సరిగా పడకపోతే టేకాఫ్‌లో వెనక్కి జారుతుంది. జారేటప్పుడు మనిషి పట్టుకునేది యోక్‌నే (స్టీరింగ్ లాంటిది), అది వెనక్కి వస్తే ముక్కు లేస్తుంది. సర్దుకున్నాక ముందుకీ వెనక్కీ గట్టిగా కుదుపు. ప్రతిసారీ.

ఇక ప్రీఫ్లైట్, అంటే ఎగిరే ముందు చేసే తనిఖీ. చెక్‌లిస్టు పట్టుకుని చుట్టూ తిరగడం అందరూ చేస్తారు. నేనూ చేసేవాడిని, పెళ్ళిలో పంతులుగారి మంత్రాల్లా గడగడా. నా కళ్ళు తెరిపించింది ఒక పురుగు.

అక్టోబర్ మొదట్లో. వానలు తగ్గి ఎండ కాస్తోంది. విమానం మూడు రోజులుగా బయటే కట్టేసి ఉంది, పిటో (గాలి వేగం కొలవడానికి రెక్క కింద ఉండే గొట్టం) కవర్ తీసిన వాళ్ళు మళ్ళీ తొడగలేదు. నేను ఎడమ రెక్క కిందికి వంగి "పిటో క్లియర్" అని పైకే అన్నాను. చూసింది గొట్టాన్ని. గొట్టం నోట్లోకి చూడలేదు. రన్‌వే మీద థ్రాటిల్ పూర్తిగా నెట్టాను. సార్ "ఎయిర్‌స్పీడ్?" అన్నారు. సూది పడుకునే ఉంది. విమానం మాత్రం పరుగెడుతోంది, పక్కన గడ్డి చారలైపోతోంది. ఇంకొక్క క్షణం ఆగితే సూది లేస్తుంది సార్ అనబోయాను. ఆ మాట బయటికొచ్చేలోపే ఆయన చేయి నా చేతి మీదుగా థ్రాటిల్‌ను వెనక్కి లాగేసింది.

వెనక్కొచ్చి ఆగాక గొంతుక్కూర్చుని టార్చ్ వేసి చూపించారు. పెన్సిలు కూడా పట్టని ఆ రంధ్రంలో నున్నగా మెత్తిన మట్టి, కుండ రంగులో. మన ఇళ్ళల్లో కిటికీ మూలల్లో, కరెంటు మీటరు వెనక గూళ్ళు కట్టే కందిరీగ పని. సార్ మరాఠీ ఆయన, "కుంభారీణ్" అన్నారు. మరాఠీలో దాని పేరే కుమ్మరామె. నేను పుల్ల తీసుకోబోతే చేయి మీద ఒకటి వేశారు. పుల్లతో పొడవకూడదు, నోటితో ఊదకూడదు, ఊదితే లోపలి పరికరం పాడవుతుంది. ఇంజనీర్‌కు చెప్పి రాయించాలి, అంతే. ఆ రోజు ఫ్లయింగ్ లేదు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

అప్పటి నుంచి నా జేబులో చిన్న టార్చ్ ఉంటుంది. 152లో ఎడమ రెక్కను ఎక్కువసేపు చూడు, ముఖ్యమైన చిన్న రంధ్రాలు అక్కడే. ఒకటి పిటో. రెండోది రెక్కకు ఊతంగా ఉండే కమ్మీ దగ్గర కిందికి వేలాడే ఫ్యూయల్ వెంట్. అది మూసుకుపోతే ఇంధనం దిగడం క్రమంగా తగ్గి చివరికి ఇంజిన్ ఆగే దాకా పోవచ్చు. మూడోది రెక్క ముందంచులో స్టాల్ హార్న్ రంధ్రం. స్టాల్ అంటే రెక్క విమానాన్ని మోసే బలం కోల్పోవడం, దానికి ముందు హెచ్చరించేది ఈ హార్న్. దీనికి కరెంటు లేదు. హార్మోనియంలో ఉన్నట్టు లోపల ఒక రీడ్ ఉంటుంది, రెక్క మీద గాలి తీరు మారి స్టాల్ దగ్గర పడ్డప్పుడు గాలి దాన్ని లాగి మోగిస్తుంది. పరీక్ష ఎలాగంటే, శుభ్రమైన కర్చీఫ్ రంధ్రం మీద పెట్టి నోటితో లోపలికి పీల్చాలి. బూర మోగితే పనిచేస్తున్నట్టే. నేను మొదటిసారి చేసినప్పుడు బ్యాచ్ అంతా ఫోటోలు తీసి గ్రూపులో పెట్టింది. కర్చీఫ్ ఎందుకో నీకు చెప్పక్కర్లేదు, కందిరీగ కథ విన్నావుగా.

ఫ్యూయల్ తీసి చూడటం కూడా తొందరపడి చేసే పని కాదు. ఏవ్‌గ్యాస్ (విమానం పెట్రోలు) లేత నీలంగా ఉంటుంది, నీళ్ళుంటే కప్పు అడుగున బుడగలా నిలబడతాయి. మోసం ఎక్కడంటే, వాన రాత్రి తర్వాత కప్పు మొత్తం నీళ్ళే వస్తే మధ్యలో గీత కనబడదు, అంతా తేటగా ఉందిలే అనుకుంటాం. తెల్ల చొక్కా ముందు పట్టుకుని నీలం రంగు చూడు. అనుమానమైతే వేలి మీద ఒక్క చుక్క వేసుకో. ఏవ్‌గ్యాస్ చల్లగా తగిలి ఇట్టే ఆరిపోతుంది, నీళ్ళు నిలబడతాయి. గేజిలను నమ్మకు. మెట్ల మీద ఎక్కి డిప్‌స్టిక్ ముంచి కొలువు. వాడుకోగలిగేది 24.5 గ్యాలన్లు, అంటే సుమారు 93 లీటర్లు.

చాందా (చంద్రపూర్) ఎండ గురించి నీకు నేను చెప్పాలా. కానీ అది విమానానికి ఏం చేస్తుందో మాన్యువల్ చదివితే ఒంటికి ఎక్కదు. మనది సముద్ర మట్టానికి దాదాపు 190 మీటర్ల ఎత్తు, ఆరు వందల పైచిలుకు అడుగులు. మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలున్నప్పుడు గాలి ఎంత పలచబడుతుందంటే, విమానం లెక్కలో అది నాలుగు వేల అడుగులు దాటిన ఎత్తులో ఉన్నట్టు. ఇంజిన్ 110 హార్స్‌పవరే, పలచని గాలిలో అదీ పూర్తిగా రాదు. ఎయిర్‌స్పీడ్ సూది మీద నంబర్లు అవే ఉంటాయి గానీ నేల మీద పరుగు పొడవవుతుంది, ఎక్కడం నీరసంగా ఉంటుంది. పుస్తకంలో నిమిషానికి 715 అడుగులు అని ఉన్నది సముద్ర మట్టం దగ్గర, మామూలు చలి రోజుకు. వేసవిలో పొద్దున్నే మొదటి స్లాటు దొరికితే వదలకు. మోర్వా నుంచి తూర్పున పవర్ స్టేషన్ పొగ గొట్టాలు కనబడతాయి, పొగ ఎటు వంగిందో చూస్తే పైన గాలి ఎటు నుంచి వస్తోందో ముందే తెలుస్తుంది.

బరువు కూడా ఇందులో భాగమే. మొత్తం 757 కిలోలు దాటకూడదు. ఖాళీ విమానం, నిండు ట్యాంకులు పోగా ఇద్దరు మనుషులకు మిగిలేది సుమారు 170 కిలోలు. నేను 58, మా సార్ 92, కాబట్టి సరిపోయేది. మీ విమానం కచ్చితమైన ఖాళీ బరువు దాని కాగితాల్లో ఉంటుంది, అడిగి చూడు.

వానాకాలంలో ఒక వింత. జూలైలో చెమటలు కారుతుంటే కార్బ్యురేటర్‌లో మంచు పడుతుంది. గాలిలో తేమ ఎక్కువ, పవర్ తగ్గించి దిగుతున్నావు, లోపల గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. ఆర్‌పీఎం మెల్లగా తగ్గుతుంది. కార్బ్ హీట్ లాగితే ముందు ఇంకా తగ్గి, ఇంజిన్ దగ్గి, తర్వాత కోలుకుంటుంది. ఆ దగ్గు విని భయపడి కార్బ్ హీట్ మళ్ళీ లోపలికి తోసేయకు. నేను ఒకసారి తోశాను. సార్ దాన్ని మళ్ళీ బయటికి లాగారు.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో, సబ్జెక్టు నోట్సు కాదు, ఆ విమానం పేరు మీద. నాది తీసి చూస్తే ఇలా ఉంది: "కుడి తలుపు రెండుసార్లు వేయాలి. ఎడమ బ్రేకు మెత్తన. కుడి ట్యాంకు గేజి ఎప్పుడూ పావు ఎక్కువ చూపిస్తుంది. పొద్దున్న ప్రైమర్ (స్టార్టింగ్‌కు ముందు ఇంజిన్‌లోకి ఇంధనం కొట్టే పంపు) మూడు, ఎండలో అసలు వద్దు. 17వందల ఆర్‌పీఎంలో ఎడమ మాగ్నెటో 75 తగ్గుతుంది, కుడిది 50." ఈ చివరి మాట ఎందుకు ముఖ్యమంటే, పుస్తకం ఒక్కో మాగ్నెటోకు 125 వరకు ఒప్పుకుంటుంది, రెండింటి మధ్య తేడా 50 దాటొద్దంటుంది. రోజూ 75 తగ్గేది ఒక రోజు 95 తగ్గితే లెక్క ప్రకారం పాసే. కానీ రోజూ చూసేవాడికి ఏదో మారిందని తెలుస్తుంది. నాకు ఒకసారి అలాగే తెలిసింది, ఇంజనీర్ స్పార్క్ ప్లగ్ విప్పితే మసి పట్టి ఉంది.

సోలో ఎన్ని గంటలకు అన్నావు. నాకు 19 గంటలకు వచ్చింది, రూమ్మేట్‌కు 14. ఆ తేడా చూసి నేను నిద్ర పోలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ టెన్షన్ అనవసరం. ఇద్దరం ఒకే నెలలో ఒకే పరీక్షలు రాశాం.

ఆ రోజు ఒక్క విషయం మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు, నీకు చెప్తున్నాను. సార్ దిగిపోగానే 92 కిలోలు తగ్గుతాయి. నువ్వు ఎదురుచూసే దానికంటే ముందే నేల వదిలేస్తుంది, సర్క్యూట్ (రన్‌వే చుట్టూ తిరిగే దారి) ఎత్తుకు తొందరగా చేరుతుంది, ల్యాండింగ్‌లో దిగనని మారాం చేస్తూ రన్‌వే మీద తేలుతుంది. తోయకు, పట్టుకుని ఉండు, అదే కూర్చుంటుంది. ఇంకా, సార్ దిగాక కుడి సీటు బెల్టు కట్టి బిగించు. నేను మర్చిపోతే ఆయనే వెనక్కొచ్చి, తలుపు తెరిచి, ఖాళీ సీటుకు బెల్టు పెట్టి, తలుపు రెండుసార్లు వేసి వెళ్ళారు.