ముందు ఫాంటు మార్చండి, మిగతాది తర్వాత

"నెట్‌లో ఉచితంగా దొరికే ఓపెన్ పాఠాలు అన్ని రకాల విద్యార్థులకూ పనికొచ్చేలా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. గుంటూరులో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పేవాడిగా నా జవాబు ఒక్కటే: యూనికోడ్‌తో, అంటే ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరాన్ని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతితో.

మా క్లాసులో చూపు లేని కుర్రాడు ఒకడు ఉండేవాడు. తెనాలి వైపు నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మనకు అంతుపట్టనంత స్పీడులో పెట్టుకుని వినేవాడు. ఓసారి వాడికి ఓ సైటులో "అందరికీ ఉచితం" అని పెట్టిన శాతవాహనుల పాఠం పీడీఎఫ్ పంపాను. మర్నాడు స్టాఫ్‌రూముకొచ్చి, "మీరే వినండి సార్" అని ఇయర్‌ఫోన్ చేతికిచ్చాడు. గౌతమీపుత్ర శాతకర్ణి లేడు, అమరావతి లేదు. డాలర్, కామా, క్యూ, పర్సెంట్, మళ్లీ డాలర్! వాడు పగలబడి నవ్వుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

అది పాత డీటీపీ ఫాంటులో కొట్టిన ఫైలు. కంటికి తెలుగే కనిపిస్తుంది, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది, అయినా మనవాళ్లు ఆ ఫాంటులు వదలరు. పేజీలు ఫొటో తీసి పీడీఎఫ్ చేసేవాళ్లు ఇంకో రకం. దానికి ఎన్‌వీడీఏ అసలు నోరే విప్పదు.

లైసెన్సుల గోల వేరే. చూపు లేనివాళ్ల కోసం ఫార్మాట్ మార్చుకోవడానికి 2012 కాపీరైట్ సవరణ ఒప్పుకుంటుంది. అదే పాఠాన్ని భాష తేలిక చేసి మిగతా పిల్లలకూ పెడదామంటే, రాసినవాళ్లు తమ పాఠాన్ని అందరూ పంచుకోవచ్చని ముందే అనుమతిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో 'ఎన్‌డీ' (నో డెరివేటివ్స్) అని ఉంటే కుదరదు. మార్చింది పంచకూడదట. మరి ఓపెన్ అనడం దేనికి?

ఇక వైవిధ్యం అంటే బొమ్మలో ఒక వీల్‌చెయిర్, ఒక బురఖా పెట్టి చేతులు దులుపుకుంటున్నారు. లెక్కల పాఠంలో ఎప్పుడూ ఆ వ్యాపారి లాభనష్టాలేనా? మిరపకాయల తొడిమలు తీసే అమ్మ కూలి లెక్క పెడితే మా గుంటూరు పిల్లలు సగం మంది నోటితోనే చెప్పేస్తారు.

పాఠం అప్‌లోడ్ చేసే ముందు అందులోంచి ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి. పిచ్చిగీతలొస్తే పెట్టకండి. యూనికోడ్‌లో కొట్టినా పీడీఎఫ్‌లో ఒక్కోసారి ఒత్తులు చెదురుతాయి, కాబట్టి వర్డ్ ఫైలు కూడా పక్కనే పెట్టండి.